అత్యవసర హామ్ రేడియో శిక్షణ: తరగతి గది, ఆన్‌లైన్, రెండింటి కలయిక – కడప నిర్వాహకులు దేన్ని ఎంచుకోవాలి?

వరదల్లో ఫోన్లు మూగబోయినప్పుడు కలెక్టరేట్‌కూ ముంపు గ్రామానికీ మధ్య సమాచారం నడపగల హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే అమెచ్యూర్ రేడియో) ఆపరేటర్లను తయారు చేయాలని కడప జిల్లాలో ఏ కళాశాలో, క్లబ్బో, స్వచ్ఛంద సంస్థో పూనుకుంటే దాని ముందు నాలుగు మార్గాలు ఉంటాయి. పాఠమంతా తరగతి గదిలోనే చెప్పడం మొదటిది. అంతా ఆన్‌లైన్‌లోనే నడపడం రెండోది. సిద్ధాంత భాగాన్ని ఆన్‌లైన్‌లో ముగించి చివర రెండు రోజుల శిబిరం పెట్టడం మూడోది. ఆన్‌లైన్ పాఠాలు సాగుతుండగానే ప్రొద్దుటూరు, పులివెందుల, రాజంపేట, బద్వేలు వంటి పట్టణాల్లో చిన్న కేంద్రాలు పెట్టి వారం విడిచి వారం అభ్యాసం చేయించడం నాలుగోది. నా మొగ్గు నాలుగోదాని వైపే. అయితే లైసెన్సు ఉన్న హామ్‌లు ఎంతమంది అందుబాటులో ఉన్నారు, నేర్చుకునేవారు ఏయే ఊళ్ల నుంచి వస్తున్నారు, వానలకు ఇంకా ఎన్ని నెలల గడువుంది అన్న మూడు సంగతులను బట్టి ఈ నిర్ణయం మారుతుంది కనుక ఒక్కో మార్గాన్నీ విడిగా పరిశీలించడం అవసరం.

ఒకే పేరుతో రెండు చదువులు

హామ్ శిక్షణ అన్న మాట కింద నిజానికి రెండు వేర్వేరు పనులు కలిసిపోతుంటాయి. ఒకటి లైసెన్సు పరీక్షకు చదివించడం. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖకు చెందిన డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం పరిధిలో జరిగే అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్ పరీక్షకు 12 ఏళ్లు నిండిన ఎవరైనా కూర్చోవచ్చు. మొదటి మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌లో రేడియో సిద్ధాంతం, నిబంధనలు అని రెండు భాగాలు ఉంటాయి. ఒక్కో భాగంలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం మార్కులు తెచ్చుకోవాలి. జనరల్ గ్రేడ్‌కు ఆ హద్దులు 50, 55 శాతానికి పెరుగుతాయి, దాంతోపాటు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) పంపడం, అందుకోవడం కూడా రావాలి. ఈ చదువులో ఎక్కువ భాగం పుస్తకంతో, మాదిరి ప్రశ్నలతో, కొద్దిపాటి లెక్కలతో గడిచిపోతుంది. ఓమ్ సూత్రం, తరంగదైర్ఘ్యం, ట్రాన్సిస్టర్ పని తీరు, ఏ బ్యాండు (ఫ్రీక్వెన్సీల పట్టీ) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న వివరాలు తెర మీద చూసి నేర్చుకున్నా, నల్లబల్ల మీద చూసి నేర్చుకున్నా పెద్ద తేడా ఉండదు.

రెండో పని అత్యవసర సమాచార సేవ. సందేశాన్ని అక్షరం తప్పకుండా అందుకుని రాసుకోవడం, పది స్టేషన్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉన్నప్పుడు తన వంతు వచ్చేదాకా ఓర్చుకోవడం, కరెంటు లేనిచోట బ్యాటరీతో ఎన్ని గంటలు నెట్టుకురాగలమో ముందే లెక్కగట్టడం, చీకట్లో యాంటెన్నా ఎక్కించడం, అలసిపోయిన అధికారి దగ్గర నిలబడి ఆయన చెప్పిన మాటను సందేశంగా మలచుకోవడం ఇందులోకి వస్తాయి. వీటిలో ఏ ఒక్కదానికీ లైసెన్సు పరీక్షలో ప్రశ్న ఉండదు. అందుకే మంచి మార్కులతో కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) తెచ్చుకున్నవారు కూడా మొదటి విన్యాసంలో మైకు పట్టుకుని ఏం చెప్పాలో తోచక నిలబడిపోతుంటారు. ఏ మార్గాన్ని ఎంచుకున్నా ఈ రెండు చదువులకూ వేర్వేరుగా గంటలు కేటాయించుకోకపోతే మొదటిదే రెండోదాన్ని మింగేస్తుంది.

నిబంధనల్లో ఒక అంశం మాత్రం రెండు చదువులకూ ఉమ్మడిగా ఉంటుంది. 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నియమాల ప్రకారం, మామూలు సమాచార వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు భూకంపం, వరద, తుపాను, పెద్ద అగ్నిప్రమాదం వంటి విపత్తులకు సంబంధించి ఇతరుల తరఫున సందేశాలు పంపడానికి హామ్‌లకు అనుమతి ఉంది. కానీ ఆ సందేశాలు జిల్లా కలెక్టర్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి వంటి సమర్థ పౌర యంత్రాంగం నుంచి బయలుదేరి, అలాంటి యంత్రాంగానికే చేరాలి. ఊళ్లో కనిపించిందంతా ఎవరికి తోచినట్టు వారు గాలిలోకి వదలడానికి వీల్లేదన్నమాట. ఈ నియమాన్ని ఆన్‌లైన్ పాఠంలో ఒక స్లైడుగా చూపి వదిలేస్తే అభ్యర్థి దాన్ని పరీక్ష కోసం గుర్తుపెట్టుకుంటాడు, అంతే. తహసీల్దార్ పాత్రలో ఒకరిని కూర్చోబెట్టి, ఆయన సంతకం లేని కాగితాన్ని తీసుకురాగానే నెట్ కంట్రోల్ (ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసిన స్టేషన్ల గుంపును, అంటే ‘నెట్’ను, నడిపే ఆపరేటర్) తిప్పి పంపినప్పుడే దాని అర్థం తలకెక్కుతుంది.

ఈ నేలకు ఎందుకు

రాయలసీమ అనగానే కరువు గుర్తొస్తుంది కాబట్టి, ఇక్కడ వరదలకు రేడియో శిక్షణ ఏమిటని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. 2021 నవంబరు 19న ఉమ్మడి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాలు కొట్టుకుపోయినంత పనైంది. అదే వారంలో కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు నీట మునిగాయి. కర్నూలుకు ముప్పు పైనుంచి వచ్చే నదీ జలాలతో ఎక్కువగా జూలై, అక్టోబరు నెలల మధ్య వస్తే, కడపకు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో వస్తుంది. శిక్షణ ఎప్పటికి పూర్తి కావాలన్నది ఇక్కడే తేలిపోతుంది: కడపలోనైతే సెప్టెంబరు చివరికి, కర్నూలులోనైతే జూన్‌కే.

అంతా తరగతి గదిలోనే

ఈ పద్ధతికి ఉన్న బలం తెలియనిది కాదు. గురువు ఎదురుగా ఉంటాడు, అనుమానం అప్పటికప్పుడే తీరుతుంది, నేర్చుకునేవారి మధ్య స్నేహం కుదురుతుంది. ఆ స్నేహమే రేపు విపత్తు వేళ ఒకరి గొంతును మరొకరు గుర్తుపట్టేలా చేస్తుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే ఆపద మిత్ర శిక్షణ కూడా 12 రోజులు ఒకచోట ఉంచి నేర్పే పద్ధతిలోనే రూపొందింది. ఈత, ప్రథమ చికిత్స, తాళ్లు వాడడం వంటివి అలాగే నేర్పాలి కాబట్టి అక్కడ అది సబబే.

హామ్ శిక్షణకు వచ్చేసరికి ఇబ్బంది దూరంతో మొదలవుతుంది. కడప నుంచి ప్రొద్దుటూరుకైనా, రాజంపేటకైనా, బద్వేలుకైనా యాభై, అరవై కిలోమీటర్ల ప్రయాణం. ఉద్యోగమో, దుకాణమో, వ్యవసాయమో చూసుకునే మనిషి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చి, ఓమ్ సూత్రం విని, సాయంత్రానికి ఇల్లు చేరాలంటే రెండు మూడు వారాలు ఓర్చుకుంటాడు, ఆ తర్వాత మానేస్తాడు. ఏప్రిల్, మే నెలల ఎండల్లో రేకుల షెడ్డులో తరగతి పెడితే ఆ రెండు మూడు వారాలు కూడా గడవవు. పైగా అసలు అరుదైన వనరు గది కాదు, నేర్పగలిగిన మనిషి. జిల్లాలో చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది అనుభవజ్ఞులే ఉన్నప్పుడు వారి ఆదివారాలను ట్రాన్సిస్టర్ బొమ్మ గీయడానికి ఖర్చు పెట్టడం నాకైతే దుబారాగానే కనిపిస్తుంది. అభ్యర్థులంతా ఒకే కళాశాల వసతిగృహంలో ఉండి, అధ్యాపకుల్లోనే ఒకరికి లైసెన్సు ఉంటే మాత్రం ఈ అభ్యంతరాలేవీ నిలవవు. అప్పుడు ఆన్‌లైన్ జోలికి పోనవసరమే లేదు. సాయంత్రం పూట గంటసేపు చెబితే చాలు.

అంతా ఆన్‌లైన్‌లోనే

దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. లైసెన్సు పరీక్ష ఒక్కటే గమ్యమైతే ఇది సరిపోతుంది, చవక కూడా. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వంటి సంస్థల అనుభవజ్ఞులను ఒక సాయంత్రం పాఠానికి పిలవాలన్నా ప్రయాణ ఖర్చు ఉండదు. ఉచిత జూమ్ సమావేశానికి 40 నిమిషాలు, గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి చేరితే 60 నిమిషాలు అన్న పరిమితి నిజానికి మేలే చేస్తుంది, పగలంతా పనిచేసి వచ్చిన మనిషి అంతకు మించి వినలేడు కనుక. అత్యవసర సేవకు మాత్రం ఇది ఒక్కటే చాలదు. మైకు బటన్ నొక్కిన తర్వాత ఒక క్షణం ఆగి మాట్లాడాలన్న చిన్న విషయాన్ని కూడా వీడియో చూసినవారు తలూపి ఒప్పుకుంటారు, సెట్టు చేతికివ్వగానే మొదటి మాటను మింగేస్తారు.

మరొక చిక్కు ఉంది. నెట్‌వర్క్ లేనప్పుడు ఏం చేయాలో నేర్పే పాఠం నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉంటుంది. పాలకొండల అంచున ఉన్న ఊళ్లలో, నల్లమల పక్కన ఉన్న ఊళ్లలో సిగ్నల్ ఎలా ఉంటుందో అక్కడివారికి తెలుసు. కాబట్టి ప్రత్యక్ష ప్రసారాన్నే నమ్ముకోకుండా ప్రతి పాఠానికీ ఒక చిన్న ఆడియో, రెండు పేజీల తెలుగు నోట్సు, పది ప్రశ్నలు తయారు చేసి వాట్సాప్‌లో పంపడం మంచిది. సిగ్నల్ ఉన్నచోట దించుకుని తీరిక వేళ వింటారు. నోట్సు తెలుగులోనే ఉండాలి గానీ రెసిస్టెన్స్, ఇంపెడెన్స్, మాడ్యులేషన్ వంటి మాటలను అలాగే ఉంచాలి. పరీక్షలో కనిపించేవి ఆ మాటలే. వాటికి కొత్త తెలుగు పేర్లు పెట్టి నేర్పితే పరీక్ష హాల్లో అభ్యర్థి తెల్లబోతాడు.

అమెరికాలో హామ్‌ల జాతీయ సంఘమైన ఏఆర్‌ఆర్‌ఎల్ సంస్థ తన అత్యవసర సమాచార పాఠ్యక్రమాన్ని ఆన్‌లైన్‌లో నడిపిన రోజుల్లో ప్రతి అభ్యర్థికీ ఒక అనుభవజ్ఞుణ్ని మార్గదర్శిగా కేటాయించేది. అభ్యర్థి రాసిన జవాబులను ఆ మార్గదర్శి చదివి తిరిగి రాసేవాడు. ఆన్‌లైన్ భాగాన్ని ఏ మోతాదులో పెట్టుకున్నా ఈ ఏర్పాటును మాత్రం వదులుకోకూడదు. ఐదారుగురికి ఒకరు చొప్పున పలకరించే మనిషి ఉంటేనే మూడో వారం దాటాక కూడా ఆ గుంపులో చప్పుడు వినిపిస్తుంది.

కలయికలో రెండు రకాలు

ఇక అసలు పోలిక మూడో మార్గానికీ నాలుగో మార్గానికీ మధ్యనే. రెండూ కలయిక పద్ధతులే అయినా వాటి స్వభావం వేరు.

ఆన్‌లైన్‌లో చదివించి చివర రెండు రోజుల శిబిరం పెట్టే పద్ధతి నిర్వాహకులకు సులువు. ఒక్కసారి హాలు మాట్లాడుకుంటే చాలు, భోజనాలు ఒక్కసారి, అతిథులు ఒక్కసారి. పత్రికలో ఫొటో కూడా బాగుంటుంది. లెక్క వేసి చూస్తే లోపం బయటపడుతుంది. ముప్పైమంది అభ్యర్థులు, ఒక సెట్టు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కరికి మైకు ముందు పది నిమిషాలు ఇస్తేనే ఐదు గంటలు పోతాయి. అంటే శిబిరంలో ఒక పగలంతా గడిచినా ఒక్కో మనిషి పది నిమిషాలు పనిచేసి మిగతా సమయం చూస్తూ కూర్చుంటాడు. సెట్లు పెంచితే నేర్పేవారిని పెంచాలి. దానికితోడు చేత్తో చేసే పనిని ఒకేసారి కుక్కి నేర్పితే నిలవదు. ఈ ఆదివారం చేసిన తప్పును వచ్చే వారం దిద్దుకునే వీలుండాలి. శిబిరం చివర పెట్టినప్పుడు ఆ వీలు ఉండదు.

కేంద్రాల పద్ధతిలో అదే ముప్పైమంది నాలుగు పట్టణాల్లో ఏడెనిమిది మంది చొప్పున కూర్చుంటారు. ప్రతి రెండో ఆదివారం ఉదయం మూడు గంటలు, అదీ ఎండ ముదరకముందే. ఒక కేంద్రానికి లైసెన్సు ఉన్న హామ్ ఒక్కరు కావాలి, నలుగురు లేకపోతే ఇద్దరే వారం మార్చి వారం రెండేసి కేంద్రాలు చూసుకోవచ్చు. అభ్యర్థి గంటలోపే కేంద్రానికి చేరుకుంటాడు. ఇంకో ప్రయోజనం చివరిదాకా ఎవరూ గమనించరు: రేపు విపత్తు వస్తే ఈ నాలుగు కేంద్రాలే నాలుగు స్టేషన్లు అవుతాయి. ఏ మేడ మీద నుంచి సిగ్నల్ బాగా వెళుతుందో, ఏ పాఠశాల తాళం ఎవరి దగ్గర ఉంటుందో శిక్షణ కాలంలోనే తెలిసిపోతుంది. కడప నగరంలో శిబిరం పెడితే ఈ జ్ఞానం పుట్టదు.

నష్టం లేకపోలేదు. నాలుగు చోట్ల నలుగురు నాలుగు రకాలుగా నేర్పే ప్రమాదం ఉంది. ఒకరు పిలుపుకు ముందు తన కాల్‌సైన్ చెప్పమంటారు, మరొకరు తర్వాత చెప్పమంటారు. అందరూ ఒకే నెట్‌లో కలిసేసరికి గందరగోళం అవుతుంది. అవతలి స్టేషన్ పేరు ముందు, తన పేరు తర్వాత అన్న క్రమం మొదలుకొని సందేశ పత్రం దాకా అన్నీ ఒకే కాగితంలో ముద్రించి మొదటి వారమే నాలుగు కేంద్రాలకూ పంపాలి. కేంద్రాలు చూసుకునేవారు ప్రతి ఆదివారానికి ముందు శనివారం రాత్రి అరగంట మాట్లాడుకోవడం తప్పనిసరి.

తెర మీద ఏది, చేతిలో ఏది

ఈ విభజన సరిగా కుదిరితేనే కలయిక పద్ధతికి అర్థముంటుంది. నిబంధనలు, సిద్ధాంతం, బ్యాండ్ల వివరాలు, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో వెలువరించిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ (విపత్తు వేళ ఎవరు ఏ పని చూడాలో చెప్పే వ్యవస్థ) మార్గదర్శకాల పరిచయం, జిల్లా యంత్రాంగంలో ఎవరి బాధ్యత ఏమిటన్న వివరణ – ఇవన్నీ తెరకు అప్పగించవచ్చు. అక్షరాలను ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ పలకడం కూడా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలో చక్కగా సాధన చేయవచ్చు. ఒకరు మాట్లాడుతున్నప్పుడు మరొకరు అడ్డురాలేరు కాబట్టి, వాకీటాకీ క్రమశిక్షణకు అది ఊహించని విధంగా దగ్గరగా ఉంటుంది. అప్పుడప్పుడూ ఒక సందేశాన్ని వాయిస్‌గా పంపి, ఒక్కసారి మాత్రమే విని రాసి ఫొటో పంపమని చెబితే ఎవరు ఎక్కడ తడబడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

సందేశ నిర్వహణ విషయంలో మాత్రం ఎదురెదురుగా కూర్చుని చేసే సాధనకు సాటి లేదు. పద్ధతి ఇలా ఉండాలి. ఒక గదిలో ఆర్డీఓ పాత్రధారి, మరో గదిలో కంట్రోల్ రూమ్ పాత్రధారి కూర్చుంటారు. ఆర్డీఓ నోటిమాటగా, ‘ఆ ఊళ్లో నలభైమంది దాకా బడి మీద ఉన్నారు, ఒకాయనకు డయాలసిస్ చేయించాలట, పడవ పంపమనండి’ అంటాడు. అభ్యర్థి దీన్ని 25 మాటలకు మించని సందేశంగా రాయాలి. ‘ఆ ఊళ్లో’ అంటే ఏ ఊరు, ఏ మండలం అని అడగాలి. కొత్తపల్లి పేరుతో ఒకటికి మించి ఊళ్లున్న చోట మండలం లేని సందేశం పడవను తప్పుదారి పట్టిస్తుంది. ‘దాకా’ అన్న మాటను అలాగే ఉంచాలా, లెక్క కనుక్కోమనాలా అన్నది అధికారినే అడిగి తేల్చుకోవాలి తప్ప తానుగా 40 అని రాయకూడదు. సమయాన్ని 24 గంటల పద్ధతిలో వేయాలి. అంకెలను ఒక్కొక్కటిగా పలకాలి. అవతలివారు తిరిగి చదివి వినిపించేదాకా కాగితం మీద ‘పంపబడింది’ అని గుర్తు పెట్టకూడదు. ఇంత చిన్న సందేశంలో కొత్తవారు సాధారణంగా ఒకటికి నాలుగు పొరపాట్లు చేస్తారు. వాటిని పక్కన కూర్చున్నవాడు చూపించినప్పుడు సిగ్గుతో నవ్వుకుంటారే, ఆ తర్వాత మళ్లీ అదే పొరపాటు చేయరు.

యాంటెన్నా పని కూడా కేంద్రంలోనే జరగాలి. 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగపు కడ్డీ సుమారు 49 సెంటీమీటర్లు వస్తుందని లెక్క కట్టడం తెర మీద నేర్చుకోవచ్చు. సెట్టును యాంటెన్నాకు కలిపే కోయాక్స్ కేబుల్ పైతొడుగు తీసేటప్పుడు లోపలి జల్లెడ తీగల్లో ఒక్కటి మధ్య తీగకు తగిలినా సెట్టు దెబ్బతినవచ్చన్న సంగతి బ్లేడు చేతిలో ఉన్నప్పుడే తెలుస్తుంది. సోల్డర్ చల్లబడకముందే కదిలిస్తే అతుకు మసకబారుతుంది. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది, గాలికి ఊగిన రోజున మాట తెగిపోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి తిరిగొస్తుందో చూపేది) పెట్టి తాము చేసిన కడ్డీని తామే కొలుచుకోనివ్వాలి. ఏడెనిమిది మందికి రెండు సోల్డరింగ్ ఐరన్లు, ఒక మీటరు ఉంటే ఒక ఉదయం సరిపోతుంది.

కడప భూమిలో మరో పాఠం ఉంది, అది ఏ పుస్తకంలోనూ దొరకదు. 145 మెగాహెర్ట్జ్ సంకేతం దాదాపు చూపు ఆనినంత మేరకే సాగుతుంది. కడపకూ రాయచోటికీ మధ్య గువ్వలచెరువు ఘాట్ అడ్డుగా ఉంది. ఇరువైపులా చెరొక జట్టు చేతి సెట్లతో నిలబడితే ఒకరి మాట ఒకరికి అందకపోయే అవకాశమే ఎక్కువ. మూడో జట్టు ఘాట్ పైన నిలబడి అటు మాట ఇటు చేరవేస్తే అందుతుంది. రిలే అంటే ఏమిటో నాలుగు స్లైడుల్లో చెప్పడానికి బదులు ఒక ఉదయం అక్కడికి తీసుకెళ్లడం మేలు. అదేచోట 7 మెగాహెర్ట్జ్‌కు ఇరవై మీటర్ల పొడవైన డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు చేతుల యాంటెన్నా) తీగను రెండు వేపచెట్ల మధ్య మూడు నాలుగు మీటర్ల ఎత్తులో మాత్రమే కట్టి చూపించాలి. తక్కువ ఎత్తులో కట్టిన తీగ నుంచి సంకేతం నిటారుగా పైకి వెళ్లి, ఆకాశంలో ఎత్తున ఉండే అయనోస్ఫియర్ పొరను తాకి, చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది, కొండలు దానికి అడ్డు కావు. పగటిపూట కడప నుంచి కర్నూలుకూ అనంతపురానికీ అందుకోవడానికి ఇదే సరైన దారి. రాత్రికి 7 మెగాహెర్ట్జ్ ఈ దగ్గరి దూరాలకు పనికిరాకుండా పోతే 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వారికి ఉన్న 50 వాట్ల పరిమితి ఈ పనికి సరిపోతుంది.

బ్యాటరీ లెక్కను సగం తెర మీద, సగం చేత్తో నేర్పవచ్చు. 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు దాదాపు 10 ఆంపియర్లు, వినేటప్పుడు సుమారు అర ఆంపియరు తీసుకుంటుందనుకుంటే, పదింట ఒక వంతు సమయం మాట్లాడినా సగటు ఒకటిన్నర ఆంపియరు దాకా వస్తుంది. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కనుక అది రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా చేతులెత్తేస్తుంది. ఈ లెక్క కాగితం మీద చేయించి, తర్వాతి ఆదివారం అదే బ్యాటరీని బిగించి నిజంగా ఎంతసేపు వచ్చిందో చూపించాలి. పాత బ్యాటరీ అయితే గంట కూడా రాదు, ఆ పాఠమే ఎక్కువ గుర్తుంటుంది.

లైసెన్సు రాకముందు ఏం చేయాలి

ఏ మార్గంలోనైనా ఎదురయ్యే చిక్కు ఇది. పరీక్ష రాసి, ఫలితం వచ్చి, సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేసి, కాల్‌సైన్ చేతికొచ్చేసరికి నెలలు పట్టవచ్చు. ఈలోగా హామ్ బ్యాండ్లలో మైకు నొక్కడం చట్టవిరుద్ధం. ఇందుకు రెండు దారులున్నాయి. వినడానికి అభ్యంతరం లేదు కనుక మొదటి వారం నుంచే వినికిడి పట్టిక రాయించాలి: ఏ స్టేషన్, ఏ సమయం, ఎంత స్పష్టంగా వినిపించింది అని. మాట్లాడే సాధనకు 2018 నుంచి లైసెన్సు మినహాయింపు ఉన్న 446.0 – 446.2 మెగాహెర్ట్జ్ తక్కువ శక్తి చేతి సెట్లు పనికొస్తాయి. టెలికమ్యూనికేషన్ల శాఖ ఆమోదం ఉన్నవే కొనాలి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే అన్ని బ్యాండ్ల సెట్లను ‘లైసెన్సు అక్కర్లేదు’ అన్న అమ్మకందారు మాట నమ్మి కొంటే సంస్థకే తలనొప్పి. శిబిర పద్ధతిలో ఈ సాధనకు తావు లేదు, రెండు రోజుల్లో ఏదీ పూర్తికాదు. కేంద్రాల పద్ధతిలో ఇది సహజంగా ఇమిడిపోతుంది.

ఎవరికి ఏది

అభ్యర్థులు పదిమందిలోపే ఉండి, అందరూ కడప నగరవాసులైతే కేంద్రాల గొడవ అనవసరం. వారానికి రెండు సాయంత్రాలు ఆన్‌లైన్, ఒక ఆదివారం ఒకే గది చాలు. ఉద్యోగులు ఎక్కువగా ఉన్న సంస్థకు, ముఖ్యంగా సెలవు దొరకడం కష్టమైనవారికి, చివర రెండు రోజుల శిబిరాన్ని రెండుగా విడగొట్టి మధ్యలో ఒకటి, చివర ఒకటి పెట్టుకోమని సలహా ఇస్తాను. మధ్య శిబిరంలో చేసిన తప్పులు దిద్దుకోవడానికి అప్పుడు గడువు ఉంటుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో మండలాల మధ్య దూరాలు ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ కేంద్రాలు ఐదారు దాకా కావలసి రావచ్చు, గుంతకల్లు, ధర్మవరం, కదిరి, హిందూపురం వంటి చోట్ల. సమయం తక్కువగా ఉంటే, అంటే ఆగస్టులో మొదలుపెట్టి నవంబరుకు సిద్ధం కావాలంటే, కొత్తవారికి లైసెన్సు వచ్చేలోపు వానలు వచ్చేస్తాయి. అప్పుడు ఇప్పటికే లైసెన్సు ఉన్నవారిని మాత్రమే తీసుకుని రెండో చదువును, అంటే అత్యవసర సేవను మాత్రమే, నాలుగు ఆదివారాల్లో నేర్పి, కొత్తవారిని సందేశాలు రాసేవారుగా, లాగ్ (ఎప్పుడు ఎవరితో ఏం మాట్లాడారో రాసే పుస్తకం) నింపేవారుగా పక్కన కూర్చోబెట్టాలి. ఆ పనులకు లైసెన్సు అక్కర్లేదు, మనుషుల కొరత ఎక్కువగా ఉండేది కూడా అక్కడే.

ఖర్చు విషయం అందరూ మొదట అడుగుతారు గానీ, నా దృష్టిలో అది నిర్ణయాన్ని పెద్దగా మార్చదు. శిబిరానికి అయ్యే భోజనాలు, వసతి డబ్బుతో కేంద్రాలకు కావలసిన సోల్డరింగ్ ఐరన్లు, కేబుల్, మీటర్లు కొనవచ్చు. శిబిరం ముగిశాక ఏమీ మిగలదు, సామాను మాత్రం మరుసటి జట్టుకు కూడా పనికొస్తుంది. దాతలు మాత్రం శిబిరానికే సులువుగా ఇస్తారు, బ్యానరు కట్టవచ్చు కదా. ఈ ఇబ్బంది ఎదురైతే కేంద్రాల్లో జరిగే చివరి విన్యాసం రోజును ప్రారంభోత్సవంలా జరిపి దాతలను పిలవడం ఒక ఉపాయం.

ఏ మార్గమైనా చివర ఒక విన్యాసం తప్పనిసరి, దాన్ని జిల్లా విపత్తు నిర్వహణ యంత్రాంగానికి ముందుగా తెలియజేసి పెట్టుకోవాలి. ఉదయం ఆరు గంటలకు అందరూ తమ ఫోన్లను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక సంచిలో వేసి కేంద్ర నిర్వాహకుడికి అప్పగించాలి. మధ్యాహ్నం దాకా కేంద్రాల మధ్య ఇరవై సందేశాలు నడవాలి. ప్రతి సందేశం ముందు ‘ఇది విన్యాసం’ అని చెప్పాలి, లేకపోతే విన్నవారెవరో నిజమనుకుని హడావుడి పడతారు. సాయంత్రం పంపిన కాగితాన్నీ అందుకున్న కాగితాన్నీ పక్కపక్కన పెట్టి మాట మాటా పోల్చాలి. ఐదింట ఒకటి తేడా వచ్చినా ఆ కేంద్రం మరో రెండు ఆదివారాలు సందేశ సాధన చేయాలి, సర్టిఫికెట్ల పంపిణీ అప్పటిదాకా ఆగాలి. ఆ తర్వాత వారానికి ఒక రాత్రి, నిర్ణీత సమయానికి అరగంట నెట్ నడపాలి, ప్రతి వారం కంట్రోల్ బాధ్యత ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మారాలి. రెండు వారాలు వరుసగా నెట్‌లో వినిపించనివారికి మూడో వారం ఫోన్ చేసి సెట్టు పాడైందా, బ్యాటరీ పోయిందా అని అడిగే పనిని ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి.